కాంపోస్ బిషప్: పాత పూజను విడవని దోం అంతోనియో

అందరికీ నమస్కారం. ఫాదర్లకు, సిస్టర్లకు, పెద్దలకు వందనాలు.

లాటిన్ పూజ కోసం రోముతో, అంటే పోపుగారి పాలనతో, తగవు పడ్డ బిషప్ అనగానే ఇక్కడున్న సగం మందికి ఫ్రాన్సు దేశపు ఆర్చిబిషప్ మార్సెల్ లెఫెవ్ర్ గుర్తొచ్చి ఉంటారు. ఆయన గురించి రాసినవాళ్లు, తిట్టినవాళ్లు, దండలు వేసినవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. నేను ఇవాళ ఆయన పక్కన నిలబడ్డ ఇంకో మనిషి గురించి మాట్లాడతాను. 1988 జూన్ 30న స్విట్జర్లాండులోని ఎకోన్‌లో, రోము వద్దంటున్నా వినకుండా, లెఫెవ్ర్ నలుగురు గురువులను, అంటే ఫాదర్లను, బిషప్పులుగా అభిషేకించారు. ఆ రోజు ఆయనతో కలిసి వాళ్ల తలల మీద చేతులుంచిన రెండో బిషప్ ఒకాయన ఉన్నారు. పది రోజుల కిందటే 84 నిండాయి. బ్రెజిల్ నుంచి విమానంలో వచ్చారు. పేరు అంతోనియో ది కాస్ట్రో మేయర్. బ్రెజిల్‌లో బిషప్పులను దోం అని పిలుస్తారు కాబట్టి ఆయన మేత్రాసనంలో, అంటే ఆయన ఏలుబడిలోని ప్రాంతంలో, జనానికి ఆయన దోం అంతోనియో. నేనూ అలాగే అంటాను.

లెఫెవ్ర్ వెనక ఒక అంతర్జాతీయ సంస్థ ఉంది, గురువిద్యాలయాలున్నాయి, పత్రికలవాళ్లున్నారు. దోం అంతోనియో వెనక ఉన్నది ఒక్క మేత్రాసనం. చెరకు పండే జిల్లా, అందులో పల్లెలు, విచారణలు (ఒక్కో గుడి కింద ఉండే ప్రాంతాలు), ఆయన చేతి మీదుగా పట్టం పుచ్చుకున్న గురువులు. ప్రపంచమంతా లాటిన్ పూజ ఆగిపోయిన రోజుల్లో, రోముతో సంబంధం తెంచుకోకుండా, ఒక మేత్రాసనంలో చాలా గుడుల్లో అది మామూలుగా నడిచిందంటే ఆ ఊరు కాంపోస్. ఇది ఎలా సాధ్యమైంది, ఆ తర్వాత ఏమైంది అన్నదే ఇవాళ్టి మాట.

చిన్నవాళ్ల కోసం రెండు ముక్కల్లో నేపథ్యం. 1570లో ఐదవ పియుస్ పోపుగారు ఖరారు చేసిన పూజా గ్రంథం, చిన్న చిన్న మార్పులతో, నాలుగు వందల ఏళ్లు నడిచింది. గురువు జనంతో పాటు పీఠం వైపే తిరిగి నిలబడతాడు. ప్రార్థనలు లాటిన్‌లో. రొట్టె ద్రాక్షరసాలను ప్రతిష్ఠించే ముఖ్యమైన భాగం దాదాపు వినపడనంత మెల్లగా చదువుతాడు. జనం మోకాళ్ల మీద ఉండి నాలుక మీద సత్ప్రసాదం పుచ్చుకుంటారు. ప్రపంచంలోని బిషప్పులు రోములో కూడిన రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దైవార్చన, అంటే పూజా విధానం, మీద తన పత్రాన్ని 2147 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించినవి నాలుగంటే నాలుగు ఓట్లు. ఆ పత్రంలో లాటిన్‌ను కాపాడాలనీ ఉంది, ప్రజల భాషలకు చోటు పెంచవచ్చనీ ఉంది. తర్వాత ఆరో పౌలు పోపుగారు 1969 ఏప్రిల్ 3న కొత్త పూజా గ్రంథాన్ని ప్రకటించారు. ఆ ఏడాది నవంబరు 30 నుంచి అది అమలులోకి వచ్చింది.

మనకీ అదే సంవత్సరం ముఖ్యమైనదే. నేల మీద కూర్చోవడం, చెప్పులు విడవడం, చేతులు జోడించడం, హారతి ఇవ్వడం లాంటి పన్నెండు అంశాలకు భారతీయ శ్రీసభకు, అంటే ఇక్కడి కతోలిక చర్చికి, రోము అనుమతి ఇచ్చింది 1969లోనే. వాటి మీద మన దగ్గర ఎంత రభస జరిగిందో పెద్దలకు తెలుసు. ‘హారతేమిటి, గుడిలోకి గుడిని తెస్తున్నారా’ అన్నవాళ్లూ కతోలికులే, ‘ఇన్నాళ్లకు మన పద్ధతిలో దేవుణ్ణి కొలుస్తున్నాం’ అన్నవాళ్లూ కతోలికులే. కాబట్టి పాత పద్ధతి పోతోందని బాధపడ్డవాడిని చూసి మనం నవ్వక్కర్లేదు, కొత్తదాన్ని ఆనందంగా తీసుకున్నవాడిని అనుమానించక్కర్లేదు.

ఇక ఆయన కథ.

1904 జూన్ 20న సావో పౌలో రాష్ట్రంలోని కాంపినాస్‌లో పుట్టారు. తండ్రి జర్మనీ నుంచి వలస వచ్చిన రాతి పనివాడు. తల్లి బ్రెజిల్ అమ్మాయి. ఇల్లు నిండా పిల్లలు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పన్నెండో ఏట గురువిద్యాలయంలో చేరిన ఈ కుర్రాడు చదువులో గట్టివాడని రోముకు పంపారు. గ్రెగోరియన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1927 అక్టోబరు 30న రోములోనే గురుపట్టం పొంది, వేదాంతంలో డాక్టరేటుతో తిరిగొచ్చారు. ఆ తర్వాత పదమూడేళ్ల పాటు సావో పౌలో గురువిద్యాలయంలో పాఠాలు చెప్పారు. తత్వశాస్త్రం, వేదాంతం. ఈ పదమూడేళ్లను మాత్రం దాటేయకండి. ఆ మనిషి బుర్ర తయారైన తీరు అక్కడుంది. ఏ విషయమైనా సరే, ముందు సూత్రం ఏమిటి, దానికి వ్యతిరేకమైన పొరపాటు ఏమిటి, రెండిటికీ మధ్య గీత ఎక్కడ, ఇదీ ఆయన ఆలోచించే పద్ధతి. బిషప్ అయ్యాక కూడా ఆయన పాఠాలు చెప్పే మాస్టారుగానే ఉండిపోయారు.

1940ల మొదట్లో ఆయన దశ బాగుంది. సావో పౌలోలో కతోలిక కార్యాచరణ ఉద్యమానికి బాధ్యుడు, తర్వాత వికార్ జనరల్, అంటే ఆర్చిబిషప్ తరఫున పాలన చూసేవాడు. అప్పుడే ఒక గొడవ మొదలైంది. ఐరోపా నుంచి వచ్చిన కొత్త దైవార్చన ఉద్యమం బ్రెజిల్ యువతలో పాకుతోంది. పూజలో జనం పాత్ర గురించి, గురువుకూ జనానికీ తేడా గురించి కొత్త మాటలు వినిపిస్తున్నాయి. జపమాల లాంటి వ్యక్తిగత భక్తిని కొందరు చిన్నచూపు చూస్తున్నారు. ఈ ధోరణులను విమర్శిస్తూ ప్లీనియో కొర్రేయా ది ఒలివేరా అనే గృహస్థు, చాలా పలుకుబడి ఉన్న మనిషి, 1943లో ఒక పుస్తకం వేశాడు. మేయర్ ఆ పక్షాన నిలబడ్డారు. అదే ఏడాది ఆగస్టులో వీళ్లకు అండగా ఉన్న ఆర్చిబిషప్ విమాన ప్రమాదంలో మరణించారు. కొత్తగా వచ్చిన ఆర్చిబిషప్ మోతాకు వీళ్ల తీరు నచ్చలేదు. 1945 నాటికి వికార్ జనరల్ మేయర్ ఒక విచారణకర్తగా మిగిలారు. ఆయన స్నేహితుడు, గురువు జెరాల్దో సిగోను ఏకంగా స్పెయిన్ పంపేశారు.

తమాషా ఏమిటంటే రోము నుంచి గాలి వీళ్లవైపే వీచింది. పన్నెండవ పియుస్ పోపుగారి కాలంలో సిగో 1947లో బిషప్ అయ్యారు, మేయర్ 1948లో అయ్యారు. ఒలివేరా పుస్తకాన్ని మెచ్చుకుంటూ 1949లో పోపుగారి తరఫున ఒక లేఖ వచ్చింది. దాని కింద సంతకం చేసినది జొవాన్ని బత్తీస్తా మోంతీని. ఆయనే తర్వాత ఆరో పౌలు. ఇరవై ఏళ్ల తర్వాత ఏ పూజా గ్రంథం మీద మేయర్ అభ్యంతరం చెప్పారో ఆ గ్రంథాన్ని ప్రకటించిన పోపు. చరిత్ర చదివేవాళ్లకు ఇలాంటివి దొరికినప్పుడు ఆ రోజు భోజనం రుచిగా ఉంటుంది. (నవ్వులు)

ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, పాత పూజ మీద ఆయన పట్టుదల 1969లో ఊడిపడలేదు. కొత్త గ్రంథం చేతికొచ్చి, చూసి, ‘అయ్యో మా చిన్నప్పటి లాటిన్’ అని కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి కాదు ఆయన. పాతికేళ్ల ముందే ఆ ప్రశ్న మీద పక్షం ఎంచుకున్నారు, దానికి మూల్యం చెల్లించారు.

1948 మే 23న బిషప్‌గా అభిషేకం. 1949 జనవరిలో పాత బిషప్ పోవడంతో కాంపోస్ మేత్రాసనం పూర్తిగా ఆయన చేతికొచ్చింది. రియో దె జనీరో రాష్ట్రానికి ఉత్తరపు కొన, పరాయిబా నది ఒడ్డున ఉన్న ఊరు. చెరకు తోటలు, చక్కెర మిల్లులు, పెద్ద భూస్వాములు. 1888 దాకా ఆ తోటల్లో పనిచేసింది బానిసలు. ఆ బానిసల మనవలు, మునిమనవలే ఆయన పూజలకు వచ్చిన జనంలో చాలామంది.

అక్కడ ఆయన చేసిన పని పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. గురువుల చదువు మీద దృష్టి పెట్టారు, విచారణలు తిరిగారు, సత్యోపదేశం పిల్లలకు గట్టిగా నేర్పించారు, సుదీర్ఘమైన లేఖలు రాశారు. 1951లో కాంపోస్ నుంచి ఒక మాసపత్రిక మొదలైంది, దాని వెనకా ఈయనే. 1953లో వచ్చిన ఆయన లేఖ బాగా పేరు పొందింది. అందులో ఒక పక్క ఈ కాలపు పొరపాటు, దాని ఎదురుగా శ్రీసభ బోధన, కింద వివరణ. అచ్చం పరీక్షకు చదివే గైడులా ఉంటుంది. మొదటి విభాగం దేని గురించో ఊహించండి. దైవార్చన. పూజలో జనం గురువుతో సమానంగా బలి అర్పిస్తారన్నది పొరపాటు, గురువు ద్వారా వాళ్లు ఆ బలిలో పాలుపంచుకుంటారన్నది బోధన, అలా సాగుతుంది. మహాసభ జరగడానికి తొమ్మిదేళ్ల ముందు రాసిన మాట అది. కొత్త పూజా గ్రంథాన్ని 1969లో చదివినప్పుడు ఆయన చేతిలో ఉన్న కొలబద్ద ఇదే.

ఇక్కడ ఆయన జీవితంలో నాకు నచ్చని భాగం చెప్పకుండా దాటను. 1960లో సిగో, ఒలివేరా, ఒక ఆర్థికవేత్తతో కలిసి ఆయన వ్యవసాయ భూసంస్కరణలకు వ్యతిరేకంగా ఒక పుస్తకం వెలువరించారు. ప్రభుత్వం భూమిని లాక్కుని పంచడం ఆస్తిహక్కుకు విరుద్ధం, కమ్యూనిజానికి తలుపు తెరవడం అన్నది వాదన. కమ్యూనిజమంటే ఆయనకున్న భయం అబద్ధం కాదు. తూర్పు ఐరోపాలో బిషప్పులు జైళ్లలో ఉన్న కాలం అది. అయినా చక్కెర మిల్లుల జిల్లాలో కూర్చున్న గొర్రెల కాపరి, కోతకూలీ పక్షాన ఏదో ఒక పేజీ ఎక్కువ రాసి ఉండాల్సింది అని నేను అనుకుంటాను. సిద్ధాంతం ఎంత శుభ్రంగా ఉన్నా, ఆ ఊళ్లో ఆ పుస్తకం ఎవరి బల్ల మీద ఉంటుందో ఆలోచించాలి కదా. ఆ దశాబ్దంలోనే అదే బ్రెజిల్‌లో ఈశాన్యాన హెల్దర్ కామరా లాంటి బిషప్ పేదల గురించి మాట్లాడి ఎర్రజెండా బిషప్ అని పేరు తెచ్చుకుంటున్నారు. ఒకే దేశం, ఒకే శ్రీసభ. కామరా భక్తులకు దోం అంతోనియో అర్థం కారు, దోం అంతోనియో భక్తులకు కామరా అర్థం కారు. ఒలివేరా స్థాపించిన ఉద్యమంతో కూడా 1980ల నాటికి దోం అంతోనియోకు చెడింది. దాన్ని నేను పొడిగించను, అదొక వేరే ప్రసంగం.

మహాసభకు వెళ్లారు. అక్కడ సిగో, లెఫెవ్ర్, ఇటలీ బిషప్ కార్లి లాంటివాళ్లు సంప్రదాయవాద బిషప్పులను ఒక బృందంగా కూడగట్టారు. దోం అంతోనియో అందులో ముఖ్యులు. కమ్యూనిజాన్ని మహాసభ పేరుపెట్టి ఖండించాలని రెండు వందల మందికి పైగా బిషప్పుల సంతకాలతో అర్జీ పెట్టారు. ఫలించలేదు. మత స్వేచ్ఛ మీద పత్రం 1965 డిసెంబరు 7న 2308 ఓట్లతో గెలిచింది, వ్యతిరేకంగా వచ్చినవి 70. వాళ్ల బృందం పోరాడింది ఎక్కువగా ఆ పత్రం మీదే. అన్ని మతాలకూ సమాజంలో స్వేచ్ఛ హక్కుగా ఉండాలన్న ఆ మాట, అంతకుముందు వంద ఏళ్ల పోపుల బోధనకు పొసగదని ఆయన చివరిదాకా నమ్మారు. మనలాంటి దేశంలో, నూటికి ఇద్దరు ముగ్గురు మాత్రమే క్రైస్తవులున్న చోట, ఆ పత్రం లేకపోతే మనం ఎవరిని ఏమని అడగగలం? ఇది నా ప్రశ్న. ఆయన ముందు పెట్టే అవకాశం నాకు రాలేదు.

ఇప్పుడు 1969. ఆ సెప్టెంబరులో ఆయన ఆరో పౌలు పోపుగారికి ఒక లేఖ రాశారు. జాగ్రత్తగా వినండి, అది తిరుగుబాటు లేఖ కాదు. ఒక బిషప్ తన పోపుకు చేసుకున్న విన్నపం. కొత్త గ్రంథాన్ని చదివాననీ, పూజ అంటే బలి అనే సత్యం, గురుత్వం అనే సత్యం అందులో మసకబారాయని తన మనస్సాక్షికి తోస్తోందనీ, కాబట్టి పాతదే వాడుకునే వీలు ఇమ్మనీ అడిగారు. 1974లో మళ్లీ రాశారు, తన అభ్యంతరాలను వివరంగా అధ్యయనాల రూపంలో పంపారు.

మరి మేత్రాసనంలో ఏం చేశారు? కొత్తదాన్ని నిషేధించారా? లేదు. తన గురువుల మీద బలవంతం పెట్టలేదు. తాను మాత్రం పాత పూజే చేశారు, చేయాలనుకున్న గురువులకు అడ్డు చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా ఆయన చేతుల్లో చదువుకున్న గురువులు వాళ్లు. ఎక్కువమంది పాతదాని వెంటే ఉండిపోయారు. కొందరు కొత్తది తీసుకున్నారు. కాంపోస్‌లో, బొం జెజుస్ దో ఇతబపోఆనాలో, వరె-సాయి లాంటి చిన్న ఊళ్లలో రైతులు, కూలీలు, దర్జీలు, టీచరమ్మలు 1970లలో కూడా లాటిన్‌లో జవాబులు చెబుతూనే ఉన్నారు. అది ఎవరో ధనవంతుల భవంతిలో, కొవ్వొత్తుల మధ్య, కళాభిమానుల కోసం జరిగిన పూజ కాదు. మామూలు విచారణ గుడిలో ఆదివారం పొద్దున జరిగిన పూజ. నా మటుకు నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే. లాటిన్ వస్తే జనం దూరమవుతారన్న వాదనకూ, లాటిన్ ఉంటే చాలు జనం వస్తారన్న వాదనకూ కాంపోస్ పూర్తిగా లొంగదు. అక్కడ పనిచేసింది దశాబ్దాల సత్యోపదేశం, ఇంటింటికీ తెలిసిన గురువులు, ఒకే చోట ముప్పై రెండేళ్లు కూర్చున్న బిషప్. భాష వాటి మీద నిలబడింది.

ఇంకొకటి. బిషప్‌కు తన మేత్రాసనంలో ఎంత అధికారం ఉంటుందో మనం మరిచిపోతాం. లెఫెవ్ర్ ఆ రోజుల్లో మేత్రాసనం లేని ఆర్చిబిషప్. ఆయన పెట్టిన సంఘానికి 1970లో స్విట్జర్లాండులోని ఫ్రిబూర్ బిషప్ అనుమతి ఇచ్చారు, 1975లో తర్వాతి బిషప్ తీసేశారు, 1976లో రోము లెఫెవ్ర్ సంస్కార విధులే నిలిపేసింది. దోం అంతోనియో జోలికి ఎవరూ రాలేదు. ఆయన గద్దె మీద ఉన్న బిషప్. రోముతో ఉత్తరాలు నడిచాయి, అసంతృప్తులు నడిచాయి, కానీ 75 నిండేదాకా ఆయన కుర్చీ ఆయనదే. నియమం ప్రకారం రాజీనామా ఇచ్చారు. 1981లో రోము ఆమోదించింది.

అక్కడి నుంచి కథ వేడెక్కుతుంది. కొత్త బిషప్ కార్లోస్ అల్బెర్తో నవారో వచ్చారు. మేత్రాసనాన్ని మిగతా బ్రెజిల్ దారిలోకి తేవాలన్నది ఆయన ఉద్దేశం. కొత్త పూజకు ఒప్పుకోని గురువులను ఒకరి తర్వాత ఒకరిని విచారణల నుంచి తొలగించారు. ఆయనను మరీ దుర్మార్గుడిగా చూపించేవాళ్లున్నారు, నాకది న్యాయం అనిపించదు. శ్రీసభ చట్టం ప్రకారం ఆయన పక్షం బలమైనది, ప్రపంచమంతా ఆచరిస్తున్నదే ఆయన అడిగారు. కానీ గురువు గుడి తాళాలు అప్పగించి బయటికి నడిస్తే, జనం గురువు వెంట నడిచారు. కొట్టాల్లో, ఇళ్లల్లో పూజలు జరిగాయి. చందాలు వేసుకుని, ఇటుక ఇటుక పేర్చి, పాత గుడికి కూతవేటు దూరంలో కొత్త గుళ్లు కట్టుకున్నారు. అన్నదమ్ములు ఒకే వీధిలో వేర్వేరు గుళ్లకు పోయే పరిస్థితి. మన ఊళ్లలో గుడి చీలికలు చూసినవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఆ గురువులు పునీత జాన్ మరియ వియాన్నీ పేరుతో ఒక సంఘంగా ఏర్పడ్డారు. పాతిక మంది దాకా ఉంటారు. విశ్రాంత బిషప్ దోం అంతోనియో వాళ్లకు పెద్దదిక్కు.

ఇలా వీధిన పడ్డ గురువులను చూస్తూ ఉండటం ఆయనను మార్చింది. కుర్చీలో ఉన్నప్పుడు విన్నపాలు రాసిన మనిషి, 1983 నవంబరులో లెఫెవ్ర్‌తో కలిసి రెండో జాన్ పాల్ పోపుగారికి బహిరంగ లేఖ రాశారు. 1986 అక్టోబరులో పోపుగారు అస్సీసీలో అన్ని మతాల పెద్దలతో కలిసి శాంతి ప్రార్థన దినం జరిపారు. డిసెంబరులో ఈ ఇద్దరూ బ్యూనస్ ఎయిర్స్ నుంచి ఘాటైన ప్రకటన ఇచ్చారు. భాష మారింది చూడండి. 1969 నాటి లేఖలో ‘అయ్యా, నా మనస్సాక్షి’ అన్నవారు, 1986 నాటికి రోము దారే తప్పిందంటున్నారు.

1988లో రాజీ దాదాపు కుదిరింది. మే 5న లెఫెవ్ర్, రోము తరఫున వచ్చిన కార్డినల్ రాట్జింగర్‌తో (తర్వాత బెనెడిక్ట్ పోపుగారు) ఒప్పంద పత్రం మీద సంతకం చేశారు. మర్నాడే వెనక్కి తగ్గారు. జూన్ 30న అభిషేకాలు. తనకు వయసైపోయింది, తాను పోతే ఈ గురువులకు పట్టం ఎవరిస్తారన్నది లెఫెవ్ర్ వాదన. కాంపోస్‌లో ఆ ప్రశ్నే ఇంకా పచ్చిగా ఉంది. దోం అంతోనియో తన గురువు ఫెర్నాందో రిఫాన్‌ను వెంటబెట్టుకుని ఎకోన్‌కు వెళ్లారు. ఆయన అక్కడ మాట్లాడినదాని సారం ఏమిటంటే, తాను రావడం మనస్సాక్షి విషయమనీ, విశ్వాసాన్ని బహిరంగంగా చాటడం గురువుగా తన కర్తవ్యమనీ. నలుగురికీ, అంటే ఫెల్లే, టిసియే ది మల్లెరే, విలియమ్సన్, ది గలరెతాలకు, ఇద్దరు బిషప్పులూ చేతులుంచారు.

మర్నాడు, జూలై 1న, బిషప్పుల వ్యవహారాలు చూసే కార్డినల్ గాంతిన్ వెలి ఉత్తర్వు ఇచ్చారు. గాంతిన్ ఆఫ్రికాలోని దహోమే (ఇప్పటి బెనిన్) దేశస్థుడు. లెఫెవ్ర్ ఒకప్పుడు ఫ్రెంచి ఆఫ్రికా మొత్తానికి పోపుగారి ప్రతినిధిగా ఉన్నారు, ఆ ప్రాంతంలోనిదే దహోమే. సరే, మన మనిషి దగ్గరికి వద్దాం. సహ అభిషేకకర్తగా నేరుగా పాల్గొని, విభజన చర్యకు బహిరంగంగా కట్టుబడ్డారు కాబట్టి ఆయనా వెలి అయ్యారని ఉత్తర్వు పేరుపెట్టి చెప్పింది. జీవితమంతా గురువిద్యార్థులకు పోపు అధికారం గురించి పాఠాలు చెప్పిన మాస్టారు, 84 ఏళ్లు నిండాక పోపు చేత వెలివేయబడ్డారు. ఆయన అభిమానులు దీన్ని అన్యాయమంటారు. అవసరం వచ్చినప్పుడు చట్టం సడలుతుందంటారు. ఆ వాదన నేను చదివాను, నాకు ఒప్పుదల కాలేదు. ఆపదలో ఉన్నామో లేదో తీర్పు చెప్పేది ఎవరు? మనమే తీర్పరులమైతే, 1953 లేఖలో ఒక పక్క గడిలో ఆయన రాసిన పొరపాట్లలోకి మనమే పోయినట్టు కాదూ? ఇది ఆయన రాసినదాంతోనే ఆయనను అడగవలసిన ప్రశ్న.

1991 మార్చి 25న లెఫెవ్ర్ మరణించారు. సరిగ్గా నెలకు, ఏప్రిల్ 25న, దోం అంతోనియో కాంపోస్‌లో కన్నుమూశారు. ఆ జూలై 28న సావో ఫిదేలిస్‌లో, లెఫెవ్ర్ అభిషేకించిన బిషప్పులు ముగ్గురు కలిసి కాంపోస్ గురువు లిసీనియో రాంజెల్‌ను బిషప్ చేశారు. మళ్లీ రోము అనుమతి లేకుండానే. అంతటితో ఇక వీళ్లు వేరే సంఘంగా గడ్డకట్టిపోతారని అనుకున్నవాళ్లే ఎక్కువ.

జరిగింది వేరు. 2000 జూబిలీ సంవత్సరంలో సంప్రదాయవాద యాత్రికులు రోముకు వెళ్లారు. రోము తరఫున కార్డినల్ కాస్త్రియోన్ ఓయోస్ మాటలు కలిపారు. లెఫెవ్ర్ సంఘం జాగ్రత్తపడింది, కాంపోస్ గురువులు ముందుకొచ్చారు. 2001 ఆగస్టులో పోపుగారికి లేఖ రాశారు, డిసెంబరు 25 తేదీతో జవాబు వచ్చింది. 2002 జనవరి 18న కాంపోస్ ప్రధాన దేవాలయంలో, ఏ దేవాలయంలో దోం అంతోనియో ముప్పై ఏళ్లు బిషప్‌గా కూర్చున్నారో అందులోనే, రాజీ ప్రకటించారు. వాళ్లకోసం ప్రత్యేకంగా ఒక వ్యవస్థ ఏర్పడింది. మేత్రాసనం లాంటిదే, కాకపోతే సరిహద్దు ఆ మేత్రాసనానిదే, అందులో ఉన్నవాళ్లు తమంతట తాము చేరిన మనుషులు. పాత పూజ వాళ్ల సొంత పూజ. అంటే ఒకే ఊళ్లో ఇద్దరు బిషప్పులు, రెండు పద్ధతులు, ఒకే పోపు. ఆగస్టు 18న, ఎకోన్‌కు దోం అంతోనియోతో వెళ్లిన ఆ రిఫానే, ఈసారి రోము పంపిన కార్డినల్ చేతుల మీదుగా బిషప్ అయ్యారు. డిసెంబరులో రాంజెల్ మరణించగానే బాధ్యత ఆయన తీసుకున్నారు.

బదులుగా వాళ్లు ఏం ఒప్పుకున్నారు? రెండవ వాటికన్ మహాసభను మహాసభగా, సంప్రదాయం వెలుగులో చదువుతామని ఒప్పుకున్నారు. కొత్త పూజ, సరిగా జరిగితే, చెల్లుతుందని ఒప్పుకున్నారు. 2004లో రిఫాన్ కొత్త పద్ధతి పూజలో మిగతా బిషప్పులతో కలిసి పాల్గొన్నారు. లెఫెవ్ర్ సంఘం వాళ్లు ఇది దోం అంతోనియోకు ద్రోహమన్నారు. కాంపోస్ వాళ్లు, ఆయన కోరింది ఇదే, రోముతో ఉంటూ పాత పూజ చేసుకోవడమే అన్నారు. 2009 జనవరిలో బెనెడిక్ట్ పోపుగారు ఎకోన్‌లో అభిషేకం పొందిన నలుగురి వెలి ఎత్తేశారు. బతికున్నవాళ్లకు సంబంధించిన ఉత్తర్వు కాబట్టి, అభిషేకించిన ఇద్దరి పేర్లు అందులో రాలేదు.

ఆయన బతికుంటే 2002 పత్రం మీద సంతకం పెట్టేవారా అని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు, ఇవాళా అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. 1969 సెప్టెంబరులో పోపుగారికి లేఖ రాసిన బిషప్‌కు ఆ పత్రం ఇస్తే, పూజ గురించి అడిగినదంతా వచ్చింది కాబట్టి, కాసేపు కళ్లద్దాలు సవరించుకుని, మత స్వేచ్ఛ దగ్గర ఒక వాక్యం మార్చమని పట్టుబట్టి, సంతకం చేసేవారని నా నమ్మకం. తన గురువులను వీధిన పెట్టడం చూసిన 1988 నాటి ముసలాయన చేసేవారు కాదు. రిఫాన్ ఈ ఇద్దరి దగ్గరా పెరిగారు, మొదటి ఆయన మాట విన్నారు. కాదనేవాళ్లు మైకు తీసుకోండి, నేను కూర్చుంటాను.